ఇంటింటి సర్వేలో శాంపిల్ తీయడం, బయాస్ పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కాలేజీ ప్రాజెక్టుకో, బస్తీ సంఘం తరఫునో, ఆరోగ్య కార్యక్రమం కోసమో సర్వేకి దిగేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. బయాస్ అంటే ఫలితం ఎప్పుడూ ఒకే వైపుకి ఒరిగిపోవడం. ఈసారి ఎక్కువ, మరోసారి తక్కువ వచ్చే తేడా వేరు, దాన్ని శాంపిల్ పెంచి తగ్గించుకోవచ్చు. ఒరుగుడు మాత్రం శాంపిల్ పెంచినా పోదు.

ఇంత పెద్ద నగరంలో 400 ఇళ్లు అడిగితే ఏం తెలుస్తుంది?

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. గిన్నెలో నీళ్లు అంతటా ఒకేలా మరుగుతాయి కాబట్టి అది నిజం. దమ్ బిర్యానీ హండీకి మాత్రం ఆ లెక్క పనిచేయదు. పైపైన గరిటె పెడితే కుంకుమపువ్వు రంగు అన్నమే వస్తుంది, ముక్కలన్నీ అడుగున ఉంటాయి. హైదరాబాద్ హండీ లాంటిదే. శాంపిల్ ఎంత తీశారన్నది ఒక ప్రశ్న, గరిటె ఎక్కడిదాకా దిగిందన్నది మరో ప్రశ్న.

మొదటిదానికి సూత్రం ఉంది. 95 శాతం నమ్మకానికి 1.96ని వర్గం చేసి, 0.5తో, మళ్లీ 0.5తో గుణించి, మీరు ఒప్పుకునే తేడా (5 శాతమైతే 0.05) వర్గంతో భాగించాలి. 5 శాతం తేడా చాలనుకుంటే 384.16, అంటే 385. తేడా 3 శాతానికి తగ్గాలంటే 1,068, 2 శాతానికి 2,401. ఈ సూత్రంలో నగర జనాభా ఎక్కడా లేదని గమనించండి. జనాభా చిన్నదైతేనే అది లెక్కలోకి వస్తుంది. 500 ఇళ్ల కాలనీలో 385 అవసరం లేదు, సవరణ చేస్తే 218 సరిపోతాయి.

మా గైడ్ 385 చాలన్నారు. ఆ సంఖ్యతోనే వెళ్లొచ్చా?

నగరం మొత్తం నుంచి విడివిడిగా చీటీలు తీసినట్టు ఇళ్లను ఎంచుకుంటేనే ఆ 385 చెల్లుతుంది. ఆచరణలో ఎవరూ అలా చేయరు. ఉప్పల్‌లో ఒక ఇల్లు, టోలిచౌకిలో ఒక ఇల్లు అంటూ తిరగలేం కనుక కొన్ని ప్రాంతాలు ఎంచుకుని ఒక్కోచోట పది పదిహేను ఇళ్లు అడుగుతాం. ఇది క్లస్టర్ పద్ధతి. ఒకే గల్లీలో ఉండేవాళ్లకి నల్లా నీళ్లు ఒకే వేళకి వస్తాయి, అద్దెలు దగ్గర దగ్గరగా ఉంటాయి, పిల్లలు అదే బడికి వెళతారు. పదో ఇల్లు చెప్పే సంగతిలో చాలా భాగం మొదటి ఇల్లు చెప్పేసే ఉంటుంది.

ఆ నష్టాన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు. క్లస్టర్‌కి అడిగే ఇళ్లలో ఒకటి తీసేసి, ఇళ్ల మధ్య పోలికని చెప్పే సంఖ్యతో గుణించి, 1 కలపాలి. పోలిక 0.05 అనుకుందాం. క్లస్టర్‌కి 10 ఇళ్లయితే 1.45, 20 ఇళ్లయితే 1.95. అంటే 385 కాస్తా మొదటి పద్ధతిలో 559, రెండో పద్ధతిలో 751 అవుతుంది. ఐదింట ఒక ఇంటి నుంచి జవాబు రాదనుకుంటే 751ని 0.8తో భాగించి 939 ఇళ్లు ఎంచుకోవాలి. నీళ్లు, మురుగు, రోడ్డు లాంటి విషయాల్లో పోలిక 0.05 కంటే బాగా ఎక్కువ ఉంటుంది. కుటుంబంలోని ఒకరి అలవాట్ల విషయంలో తక్కువ ఉంటుంది. డబ్బు, మనుషులు అంతే ఉన్నప్పుడు 20 క్లస్టర్లలో 30 ఇళ్ల కంటే 60 క్లస్టర్లలో 10 ఇళ్లు మేలు. తిరుగుడు ఎక్కువవుతుంది, నిజమే. కానీ వచ్చే అంచనా గట్టిగా ఉంటుంది.

ఇళ్ల జాబితా ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

సర్వే చెడిపోవడం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. ఎవరి పేరు జాబితాలో లేదో వాళ్లు శాంపిల్‌లోకి రావడానికి దారే ఉండదు. ఆ తర్వాత ఎంత శాస్త్రీయంగా చీటీలు తీసినా లాభం లేదు.

ఓటర్ల జాబితాలో ఇల్లు మారిపోయినవాళ్లు ఇంకా ఉంటారు, ఊరి ఓటు ఊళ్లోనే ఉంచుకుని ఇక్కడ పనిచేసుకునేవాళ్లు ఉండరు. ఆస్తి పన్ను జాబితా యజమాని పేరు మీద ఉంటుంది, అదే భవనంలోని ఆరు అద్దె కుటుంబాలు అందులో కనబడవు. కరెంటు మీటర్ల జాబితా కాస్త నయం. కానీ ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు నడిచే ఇళ్లు, ఒకే కుటుంబానికి రెండు మీటర్లున్న ఇళ్లు రెండూ ఉన్నాయి.

పెద్ద ప్రభుత్వ సర్వేలు నడిచేది మరో దారిలో. ముందు చిన్న ప్రాంతాలని ఎంచుకుంటారు, తర్వాత ఆ ప్రాంతంలో తామే తిరిగి ఇళ్ల జాబితా రాసుకుంటారు. జాతీయ నమూనా సర్వే నగరాల్లో ఇందుకోసం హద్దులు గీసిన అర్బన్ ఫ్రేమ్ సర్వే బ్లాకులని వాడుతుంది. మీ దగ్గర అవి లేకపోతే శాటిలైట్ మ్యాపు మీద రోడ్డు, నాలా, రైలు పట్టాలు, పెద్ద గోడ లాంటి చెరగని గుర్తులు హద్దులుగా పెట్టుకుని 100 నుంచి 200 ఇళ్లుండే ముక్కలు గీసుకోండి. ఏ ముక్కా మరో ముక్క మీదికి రాకూడదు, మధ్యలో ఖాళీ మిగలకూడదు.

జాబితా రాసేటప్పుడు వాయవ్య మూల నుంచి మొదలుపెట్టి, ఇళ్లని ఎప్పుడూ ఒకే చేతి వైపు ఉంచుకుంటూ నడవాలి. గల్లీ వస్తే లోపలికి వెళ్లి బయటికి రావాలి. గేటు మీద సుద్దతో వరస సంఖ్య వేయాలి, ఎందుకంటే 8-3 లాంటి ఇంటి నంబర్లకి బై నంబర్లు చేరి పక్కపక్క ఇళ్ల నంబర్లకి ఒక వరసంటూ ఉండదు. ప్రతి భవనంలోనూ "ఇక్కడ ఎన్ని ఇళ్లు?" అని కాక "ఎన్ని చోట్ల వేరువేరుగా వంట చేసుకుంటారు?" అని అడగండి. ఒకే వంట తినేవాళ్లే ఒక కుటుంబం. తప్పిపోయేవి దాదాపు ఎప్పుడూ అవే: సెల్లార్‌లో వాచ్‌మన్ గది, మేడ మీద పెంట్‌హౌస్, దుకాణం వెనక కాపురం, కట్టుబడి జరుగుతున్న స్థలంలో రేకుల షెడ్లు. కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు ఆ షెడ్లని వదిలేస్తే ఆ ప్రాంతాన్ని కడుతున్నవాళ్లే లెక్కలో ఉండరు. తాళం వేసిన ఇంటిని కూడా రాయాలి. హాస్టళ్లని లెక్కలోకి తీసుకుంటారో లేదో సర్వేకి ముందే తేల్చుకోండి, లేకపోతే అమీర్‌పేటలో ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తారు.

జాబితాకి విడిగా రోజులు, విడిగా డబ్బు కేటాయించండి. జాబితా రాసినవాళ్లే అప్పటికప్పుడు ఇళ్లు ఎంచుకుని ఇంటర్వ్యూ చేసేలా పెడితే, తెలియకుండానే తేలికగా తలుపు తీసే ఇళ్లు చేరిపోతాయి.

జాబితా చేతిలో ఉంది. ప్రతి పన్నెండో ఇల్లు తీసుకుంటే సరిపోతుందా?

ఇది క్రమబద్ధ పద్ధతి, ఫీల్డులో చాలా సౌకర్యం. 180 ఇళ్లలో 15 కావాలంటే అంతరం 12. ఒకటి నుంచి 12 లోపు చీటీ తీయండి. 7 వస్తే 7, 19, 31 అలా 175 దాకా. మొదటి సంఖ్యని చీటీతోనే తేల్చాలి, "మొదటి ఇంటి నుంచి మొదలెడదాం" అనకూడదు. మొదటి ఇల్లు ఎక్కువసార్లు రోడ్డు మూల ఇల్లు, దుకాణాలున్న ఇల్లు.

ఇళ్లు 187 ఉంటే అంతరం 12.47 వస్తుంది. దాన్ని 12కి కుదించేస్తే చివరి ఏడు ఇళ్లకి అవకాశమే లేదు. దశాంశాన్ని అలాగే ఉంచి కూడుకుంటూ పోయి, ప్రతిసారీ వచ్చిన సంఖ్యని పై పూర్ణాంకానికి మార్చుకోండి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. అంతస్తుకి నాలుగు ఫ్లాట్లుండి మీ అంతరం 12 అయితే, ప్రతిసారీ అదే మూల ఫ్లాట్ తగులుతుంది. అన్నీ త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్లే వచ్చాయంటే కారణం ఇదే కావచ్చు. అంతస్తులోని ఫ్లాట్ల సంఖ్యతో తెగని అంతరం పెట్టుకోండి, లేదా ఆ భవనం వరకు చీటీలే వేయండి.

కొన్ని బ్లాకులు పెద్దవి, కొన్ని చిన్నవి. అన్నింటికీ సమాన అవకాశం ఇవ్వాలా?

పెద్దదానికి ఎక్కువ అవకాశం ఇచ్చి, లోపల మాత్రం అన్ని బ్లాకుల్లోనూ ఒకే సంఖ్యలో ఇళ్లు తీసుకోవడం మంచి పద్ధతి. ఉదాహరణకి నాలుగు బ్లాకుల్లో 150, 90, 240, 120 ఇళ్లున్నాయి, రెండు బ్లాకులు కావాలి. కూడుకుంటూ పోతే 150, 240, 480, 600. మొత్తం 600ని రెండుతో భాగిస్తే 300. ఒకటి నుంచి 300 లోపు చీటీ తీస్తే 137 వచ్చిందనుకోండి, అది మొదటి బ్లాకు. దానికి 300 కలిపితే 437, అది మూడో బ్లాకు. రెండింటిలోనూ పదేసి ఇళ్లు అడగండి. మొదటిదానికి ఎంపిక అవకాశం 0.5, లోపల 15కి ఒకటి. మూడోదానికి 0.8, లోపల 24కి ఒకటి. రెండు చోట్లా గుణిస్తే ప్రతి ఇంటికీ 30కి ఒకటే వస్తుంది.

తీరా వెళ్లాక మూడో బ్లాకులో కొత్త అపార్ట్‌మెంట్ లేచి 320 ఇళ్లయ్యాయనుకోండి. కంగారు పడక్కర్లేదు, పాత లెక్క దిద్దకండి. ఎంపిక 240 మీద జరిగింది కాబట్టి అవకాశం 0.8గానే ఉంచి, లోపల 32కి ఒకటి అని రాసుకోండి. ఆ ఇళ్ల వెయిట్, అంటే అడిగిన ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ల తరఫున లెక్కకి వస్తుందో ఆ సంఖ్య, 30 కాదు, 40. ఈ ఒక్క అంకె నోట్ చేసుకోకపోవడం వల్ల కొత్తగా పెరుగుతున్న ప్రాంతాలు ఫలితాల్లో చిన్నవైపోతాయి.

స్తరాలుగా విడగొట్టడం ఎందుకు?

హండీ అడుగు దాకా గరిటె దించడానికే. పాత బస్తీ, ఐటీ కారిడార్, శివారు కాలనీలు, బస్తీలు అని ముందే స్తరాలుగా, అంటే ఒకే తీరు ఇళ్లుండే గుంపులుగా, విభజించి ప్రతిదాని నుంచీ విడిగా తీస్తే ఏదీ తప్పిపోదు, అంచనా కూడా మెరుగవుతుంది. స్తరాల్లోపల ఇళ్లు ఒకదానికొకటి పోలి ఉండాలి, స్తరాల మధ్య తేడా ఉండాలి. క్లస్టర్లకి సరిగ్గా దీనికి వ్యతిరేకం. విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

స్త్రీలు ఇంతమంది, పురుషులు ఇంతమంది అని కోటా పెట్టుకుంటే?

కోటా నిండుతుంది. కానీ కోటా లోపల ఎవరిని అడగాలన్నది అడిగేవాళ్ల ఇష్టం. తీరిగ్గా కనిపించినవాళ్లే దొరుకుతారు. 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పేరున్న సర్వేలన్నీ డ్యూయీ గెలుస్తాడన్నాయి, ట్రూమన్ గెలిచాడు. అప్పటివి కోటా సర్వేలే, పైగా పోలింగ్‌కి చాలా ముందే ఆపేశారు. కోటా శాంపిల్ మీద మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (పైన సూత్రంలో చెప్పిన తేడా) రాయకండి. ఆ లెక్కకి అక్కడ ఆధారం లేదు.

మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి ప్రయాణికులని అడిగితే తప్పేముంది?

అడగొచ్చు, కానీ దొరికినవాళ్లు "మెట్రో ఎక్కే జనం" కాదు. నెలకి 20 రోజులు ఎక్కేవాళ్లు వెయ్యి మంది, 2 రోజులు ఎక్కేవాళ్లు వెయ్యి మంది ఉన్నారనుకోండి. ఏదో ఒక రోజు అమీర్‌పేట స్టేషన్‌లో నిలబడితే మొదటి రకం పది మందికి రెండో రకం ఒక్కరు తగులుతారు. మీ ఫలితంలో ప్రయాణికుల్లో 91 శాతం రోజూ తిరిగేవాళ్లని వస్తుంది, నిజానికి సగమే. పరిష్కారం తేలికే: "గత 30 రోజుల్లో ఎన్ని రోజులు ఎక్కారు?" అని అడిగి, ఆ సంఖ్యకి విలోమంగా వెయిట్ ఇవ్వండి. ఇదే చిక్కు ఆసుపత్రి ఓపీలో, రైతుబజారులో, రేషన్ దుకాణం దగ్గర కూడా ఉంటుంది. ఆసుపత్రిలో మరో సంగతి ఉంది: రెండు జబ్బులున్నవాళ్లు అక్కడికి చేరే అవకాశం ఎక్కువ, కాబట్టి బయట సంబంధం లేని రెండు జబ్బులకి లోపల సంబంధం ఉన్నట్టు కనబడుతుంది.

లక్షల మంది జవాబిస్తే బయాస్ కొట్టుకుపోదా?

పోదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపి 20 లక్షలకు పైగా జవాబులు తెచ్చుకుని లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ సుమారు 61 శాతం ఓట్లతో గెలిచాడు. అది పాత కథ అనుకుంటే 2021 చూడండి. అమెరికాలో ఫేస్‌బుక్ ద్వారా వారానికి సుమారు రెండున్నర లక్షల మందిని అడిగిన సర్వే, ఆ మే నెలలో కోవిడ్ టీకా వేసుకున్నవాళ్ల శాతాన్ని అసలు కంటే 17 పాయింట్లు ఎక్కువ చూపింది. శాంపిల్ పెద్దది కావడంతో మార్జిన్ అతి చిన్నగా కనిపించింది, తప్పుడు సంఖ్య మీద గట్టి నమ్మకం కలిగించింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెట్టినప్పుడు జరిగేది ఇదే. ఎవరు ఆ గ్రూపులో ఉన్నారు, వాళ్లలో ఎవరికి ఆ విషయం మీద కోపమో ఆసక్తో ఉంది అన్నదే ఫలితాన్ని తేల్చేస్తుంది.

తలుపు తాళం వేసి ఉంటే పక్కింటివాళ్లని అడగొచ్చా?

వద్దు. పక్కిల్లు తీస్తే ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్లే మీ శాంపిల్‌లో పోగవుతారు. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇళ్లు, ఒంటరిగా ఉండే ఉద్యోగులు, రాత్రి షిఫ్టువాళ్లు జారిపోతారు. కనీసం మూడుసార్లు, వేరువేరు వేళల్లో వెళ్లండి: ఒకటి పగలు, ఒకటి సాయంత్రం ఏడు తర్వాత, ఒకటి ఆదివారం. అప్పటికీ దొరకకపోతే "దొరకలేదు" అనే రాయండి. "ఒప్పుకోలేదు"ని దీంతో కలపకండి, రెండింటికీ కారణాలు వేరు.

వేళలు చూసుకోండి. సంక్రాంతి వారంలో నగరం సగం ఊళ్లకి వెళ్తుంది. రంజాన్ నెలలో ఇఫ్తార్ ముందు గంట తలుపు తట్టకూడదు. గేటెడ్ కమ్యూనిటీల్లో సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు, కాబట్టి వారం ముందే అసోసియేషన్ కార్యదర్శికి సంస్థ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, వచ్చేవాళ్ల ఫొటో గుర్తింపు కార్డుల నకలు ఇవ్వండి. కానీ ఏ ఫ్లాట్లో అడగాలో కార్యదర్శిని ఎంచనివ్వకండి. పాత బస్తీలో స్త్రీలతో మాట్లాడటానికి స్త్రీలే వెళ్లాలి, ఉర్దూ వచ్చినవాళ్లు.

జవాబు రానివాళ్ల వల్ల ఎంత తప్పు జరుగుతుంది? వాళ్ల వాటాని, వాళ్లకీ జవాబిచ్చినవాళ్లకీ ఉన్న తేడాతో గుణించండి. 30 శాతం మంది దొరకలేదు, దొరికినవాళ్లలో 60 శాతం అవునన్నారు, దొరకనివాళ్లలో 40 శాతమే అనేవాళ్లనుకోండి. అసలు సంఖ్య 54, మీరు 60 అని రాస్తారు. దొరకనివాళ్ల అభిప్రాయం తెలియదు కనుక వాళ్లలోంచి ఓ చిన్న గుంపుని చీటీ వేసి ఎంచుకుని, మంచి అనుభవం ఉన్నవాళ్లని పంపి రెండు మూడు ముఖ్యమైన ప్రశ్నలు మాత్రం అడిగించండి. పెద్ద శాంపిల్‌కి పెట్టే డబ్బులో కొంత ఇక్కడ పెట్టడం న్యాయం.

ఇంట్లో ఎవరిని అడగాలి?

ప్రశ్న ఇంటి గురించైతే, ఇంటి సంగతి తెలిసిన పెద్దవాళ్లెవరైనా పర్వాలేదు. వ్యక్తి అభిప్రాయమైతే తలుపు తీసినవాళ్లని కాదు, 18 దాటినవాళ్ల పేర్లు రాసుకుని వాళ్లలో ఒకరిని యాదృచ్ఛికంగా ఎంచండి. ఇందుకు 1949లో సర్వే గణాంక నిపుణుడు లెస్లీ కిష్ రూపొందించిన పట్టిక ఇప్పటికీ వాడుతున్నారు. ఐదుగురు పెద్దలున్న ఇంట్లో ఒకరికి వచ్చే అవకాశం ఒంటరిగా ఉండేవాళ్ల అవకాశంలో ఐదో వంతే, కాబట్టి జవాబుకి వెయిట్ 5 ఇవ్వాలి. ఇది మరిస్తే ఉమ్మడి కుటుంబాల గొంతు తగ్గిపోతుంది. అత్తగారు పక్కన కూర్చుంటే కోడలి జవాబు మారుతుంది. ఇంకెవరైనా ఉన్నారా లేరా అన్న గడి ఫారంలో తప్పకుండా పెట్టండి.

ప్రశ్న రాసే తీరు వల్ల ఎంత మారుతుంది?

చాలా. "నీళ్ల సమస్య ఎంత తీవ్రంగా ఉంది?" అంటే సమస్య ఉందని మీరే చెప్పేశారు. "గత 7 రోజుల్లో నల్లా నీళ్లు ఎన్ని రోజులు వచ్చాయి? వచ్చినప్పుడు ఎంతసేపు?" అని అడగండి. "చెత్తబండి రోజూ వస్తుందా, చెత్త వేరు చేసి ఇస్తారా?" అన్నది రెండు ప్రశ్నలు, ఒక జవాబుకి పట్టవు.

గత సంవత్సరపు ఖర్చులు అడిగితే అంతకు ముందువీ కలిసిపోతాయి. "బోనాల నుంచి ఇప్పటిదాకా", "బడులు తెరిచినప్పటి నుంచి" అని ఒక గుర్తు ఇస్తే జ్ఞాపకం నిలబడుతుంది. ఆదాయం అడిగేటప్పుడు రేషన్ కార్డు పోతుందేమోనన్న భయం, లేదా ఏదో పథకం వస్తుందన్న ఆశ, రెండూ జవాబుని కిందికే లాగుతాయి. మీరు ప్రభుత్వం తరఫున రాలేదని, ఏ పథకంతోనూ సంబంధం లేదని ముందే చెప్పాలి, నిజమైతేనే. ఆదాయం బదులు వంటింటి ఇంధనం, వాహనం, గదులు, అద్దె అడిగితే నమ్మదగిన చిత్రం వస్తుంది.

తెలుగులో రాసిన ఫారాన్ని ఫీల్డులో అప్పటికప్పుడు ఉర్దూలోకి చెప్పించకండి. ఒకరు అనువదించాలి, అసలు చూడని మరొకరు దాన్ని తిరిగి తెలుగులోకి తేవాలి, తేడాలు కూర్చుని దిద్దాలి. తర్వాత ఎంపికలో లేని బ్లాకులో ఓ ఇరవై ఇళ్లలో అడిగి చూడాలి.

అడిగేవాళ్లు ఇంట్లో కూర్చుని ఫారాలు నింపితే ఎలా తెలుస్తుంది?

ముందు, ఫారానికింత అని డబ్బివ్వకండి, రోజు లెక్కన ఇవ్వండి. పదింట ఒక ఇంటికి సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి మారని మూడు సంగతులు అడగాలి. "అవును" అంటే పది ప్రశ్నలు తెరుచుకునే చోట ఒకరి ఫారాల్లో మాత్రం "కాదు"లే ఎక్కువగా ఉంటే, పని తగ్గించుకుంటున్నారని అనుమానించాలి.

వయసులు మంచి పరీక్ష. 23 నుంచి 62 మధ్య వయసుల్లో 0తో, 5తో ముగిసేవి ఎన్నో లెక్కించి, మొత్తంతో భాగించి, 500తో గుణించండి. 100 దగ్గర వస్తే మంచిది, పైకి పోయేకొద్దీ వయసులు అంచనాగా రాసినవే. ఒక్కొక్కరికీ విడిగా లెక్కేస్తే ఎవరు అడిగారో, ఎవరు ఊహించారో బయటపడుతుంది.

జాతీయ నమూనా సర్వేకి పునాది వేసిన మహలనోబిస్ ఇంకో ఉపాయం చూపించాడు: శాంపిల్‌ని యాదృచ్ఛికంగా రెండు సమాన భాగాలు చేసి, రెండు బృందాలకి విడిగా ఇవ్వడం. అవే ప్రాంతాల నుంచి వచ్చిన రెండు అంచనాలు బాగా దూరంగా ఉంటే తప్పు ఫీల్డులో ఉన్నట్టు. చిన్న సర్వేలో కూడా దీనికి అదనపు ఖర్చు దాదాపు లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

చివర్లో వెయిట్లు వేస్తే అన్నీ సర్దుకుంటాయా?

కొంతవరకే. ఎంపిక అవకాశానికి విలోమం ముందు, జవాబు రాని ఇళ్ల సర్దుబాటు తర్వాత, వయసు, లింగం వంటి తెలిసిన మొత్తాలకి సరిపెట్టడం చివర. అసలు శాంపిల్‌లోకే రానివాళ్లకి ఏ వెయిటూ ప్రాణం పోయలేదు. పైగా సరిపెట్టే మొత్తాలు పాతబడి ఉన్నాయి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో చాలామంది 2011 లెక్కలే వాడారు. ఆ తర్వాత గచ్చిబౌలి, నార్సింగి ఎంత మారాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వార్డు స్థాయిలో 2011కి సరిపెడితే కొత్త తప్పు తెచ్చుకున్నట్టే.

"తెలియదు" అన్న జవాబులు తీసేయొచ్చా?

తీసేయకండి, విడి వరసగా చూపించండి. చదువు తక్కువున్నవాళ్లు, స్త్రీలు ఆ మాట ఎక్కువగా అంటుంటే, వాళ్లని తీసేసిన శాతం మగవాళ్ల, చదువుకున్నవాళ్ల శాతంగా మారుతుంది. ఒకే ప్రశ్నకి "తెలియదు"లు గుట్టగా వస్తే ముందు ప్రశ్నని అనుమానించండి. ఎక్కువసార్లు అర్థం కాని మాట ఒకటి అందులో ఉంటుంది.